మా అప్పను మెడిటరేనియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తున్నాను, ఏం ఆర్డర్ చెప్పాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) · గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మధ్యాహ్నం మా అప్పను, అంటే అక్కను, బయట భోజనానికి తీసుకెళ్తున్నాను. అనుభవం ఉన్నవాళ్లు కాస్త సలహా చెప్పండి.

మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. అప్ప అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజూ 120 మంది పిల్లలకు అన్నం, పప్పో సాంబారో, గుడ్లు. పదకొండేళ్లుగా ఇదే పని. ఇంటికొస్తే మళ్లీ బావకీ పిల్లలకీ వంట. పెళ్లిళ్లలో కూడా ఆఖరి బంతిలోనే కూర్చుంటుంది, అదీ ఎవరైనా చెయ్యి పట్టుకుని లాక్కొస్తే. నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ వాళ్లింట్లోనే ఉన్నాను. నేను తిన్నాక తను తినడమే చూశాను కానీ నాతో కలిసి కూర్చుని తినడం చూడలేదు.

మన ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మెడిటరేనియన్ అని బోర్డు పెట్టి కొత్తగా ఒక హోటల్ తెరిచారు. మొన్న నా ఫోన్లో దాని ఫోటోలు చూసి అప్ప, "ఆ గిన్నెల్లో తెల్లగా అదేట్రా, చట్నీయా?" అని అడిగింది. తనకోసం ఒక తిండి గురించి అప్ప అడగడం నాకు గుర్తుండి అదే మొదటిసారి. అందుకే బిర్యానీ హోటల్ వద్దనుకుని అక్కడికే అనుకున్నాను.

సమస్యలు చెప్తాను. అప్పకు అరసవల్లి స్వామి మొక్కు ఉంది. ఆదివారం నీచు ముట్టదు, గుడ్డు కూడా. ఖాళీ దొరికేది మాత్రం ఆ ఒక్క రోజే. సుగర్ ఉంది, మాత్రలు వాడుతుంది. అన్నిటికంటే పెద్దది మొహమాటం. మెనూ చేతికిస్తే వంటల పేర్లు వదిలేసి ధరలు చదువుతుంది. అన్నిటికన్నా తక్కువది చూసి "నాకిది చాలు" అంటుంది.

గంటస్తంభం (విజయనగరం) · గురువారం, రాత్రి 10:25

తమ్ముడూ, నేను కువైట్‌లో ఒక లెబనాన్ హోటల్ వంటగదిలో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చాను. ఈ ప్రశ్న నాకోసమే వేసినట్టుంది.

మెడిటరేనియన్ అంటే మధ్యధరా సముద్రం. స్పెయిన్, ఇటలీ, గ్రీస్, టర్కీ, లెబనాన్, ఈజిప్టు, మొరాకో అన్నీ ఆ నీళ్ల ఒడ్డునే ఉన్నాయి. మన దగ్గర ఆ బోర్డు పెట్టినచోట దొరికేది చాలావరకు లెబనాన్ తిండి, కొంచెం టర్కీది.

మీ అప్ప అడిగిన తెల్ల గిన్నె హమ్మస్ అయ్యుంటుంది. కాబూలీ శనగలు బాగా ఉడికించి, తహీనా అనే నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి వేసి వెన్నలా రుబ్బుతారు. పైన ఆలివ్ నూనె పోస్తారు. ఇది తప్పకుండా చెప్పు. రెండోది బాబా గనూష్, కొన్ని మెనూల్లో ముతబ్బల్ అని ఉంటుంది. వంకాయ నిప్పు మీద కాల్చి, తోలు ఒలిచి, అదే నువ్వుల ముద్దతో కలుపుతారు. కాల్చిన వంకాయ పచ్చడి తెలిసిన మనిషికి ఆ పొగ వాసన వెంటనే పట్టుబడుతుంది. మూడోది లబ్నే. పెరుగు గుడ్డలో కట్టి నీళ్లు ఓడిపోయేదాకా వేలాడదీసి, ఉప్పు కలిపిన ముద్ద. తబూలే అని ఒకటుంటుంది, పార్స్లీ ఆకు సన్నగా తరిగి పుదీనా, టమాటా, కాస్త గోధుమ నూక, నిమ్మరసం వేస్తారు. కొందరికి నచ్చుతుంది, కొందరికి ఆకు నమిలినట్టుంటుంది.

వీటితో పీటా రొట్టె ఇస్తారు. బాగా కాలిన పొయ్యిలో వెయ్యగానే పిండిలో తడి ఆవిరై, పుల్కాలా పొంగి, లోపల సంచిలా విడిపోతుంది. దాన్ని చేత్తో తుంచి నంజుకు తినడమే. ఫోర్కు, కత్తి గొడవ లేదు, కాబట్టి ఆ మొహమాటం తగ్గుతుంది.

ఇప్పుడు నీచు సంగతి. కూర్చోగానే మూడు అడుగు. ఒకటి, ఫలాఫెల్ వేయించే నూనెలోనే చికెన్ వేయిస్తున్నారా? ఫలాఫెల్ పూర్తిగా శనగల వడే, కానీ నూనె ఒకటే ఉండే వంటగదులు చాలా. రెండు, పప్పు సూప్‌లో చికెన్ ఉడికించిన నీళ్లు పోస్తున్నారా? మూడు, తెల్ల వెల్లుల్లి సాస్‌లో గుడ్డు ఉందా? అసలు పద్ధతిలో దాని పేరు తూమ్. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు, అంతే. కానీ పని తేలికవుతుందని మయోనైజ్ కలిపేసేవాళ్లున్నారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది, గుర్తుందా? కాబట్టి గుడ్డు తినే రోజైనా అది అడగాల్సిన ప్రశ్నే.

అడగడానికి మొహమాటపడకు. వంటగదిలో ఉన్నవాడిగా చెప్తున్నాను, మర్యాదగా అడిగితే మాకు కోపం రాదు.

పోపుడబ్బా (శ్రీకాకుళం) · శుక్రవారం, ఉదయం 6:50

నేను పోషకాహారం చదువుకున్నాను, ఆ పనే చేస్తున్నాను. సుగర్ గురించి రెండు మాటలు.

హమ్మస్, కాల్చిన వంకాయ, లబ్నే, ఆకుల సలాడ్ మీ అప్పగారికి ఇబ్బంది పెట్టవు. శనగల్లో పీచు ఎక్కువ, సుగర్ మెల్లగా పెరుగుతుంది. చూసుకోవాల్సింది రొట్టెని. పీటా ఎక్కువగా మైదాతోనే చేస్తారు, పైగా నంజుకు తింటుంటే లెక్క తెలియదు. ఒకటిన్నర దగ్గర ఆపండి. కీరా, క్యారట్ ముక్కలు అడిగితే ఇస్తారు, వాటితోనూ నంజుకోవచ్చు. బక్లావా పాకంలో ముంచిన మిఠాయి, ఇద్దరికీ కలిపి ఒక్క ముక్క చాలు. మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చెయ్యకండి. ఆదివారం హోటల్లో గంట కూర్చోబెట్టినా కూర్చోబెడతారు, అందుకని మాత్ర టైమ్ ఎలా సర్దుకోవాలో వాళ్ల డాక్టర్ని అడిగి వెళ్లండి.

బడిగంట (బొబ్బిలి) · శుక్రవారం, ఉదయం 8:15

నేను ఇంకోలా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఆమెకు కొత్తచోట మొహమాటం అని మీరే అంటున్నారు. మరి తెలియని తిండి, తెలియని పేర్లు ఎందుకు? మనకు పనసపొట్టు కూర, నువ్వుపప్పు వేసిన కూరలు, చోడంబలి లేవా? మంచి భోజన హోటల్లో అరిటాకు వేయించి కడుపునిండా పెట్టించండి. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. పెద్దవాళ్లను సంతోషపెట్టాలని వెళ్లి పిల్లలు తమ సరదా తీర్చుకుని రావడం చాలాసార్లు చూశాను.

నాగావళి_గట్టు · శుక్రవారం, ఉదయం 8:50

మాస్టారూ, మీ మాట కొట్టెయ్యలేను. కానీ చోడంబలి, నువ్వుపప్పు కూర మా అప్ప రోజూ చేసేవే. అరిటాకు ముందు కూర్చుంటే పప్పులో ఉప్పు సరిపోయిందా, అన్నం పలుకైందా అని తన బుర్రలో వంట నడుస్తూనే ఉంటుంది. తనకు చేయడం రాని తిండి ముందు కూర్చుంటే ఒక్కపూటైనా ఆ బాధ్యత ఉండదని నా ఆశ. పైగా అడిగింది తనే.

బడిగంట · శుక్రవారం, ఉదయం 9:05

తనే అడిగిందన్న మాట నేను సరిగ్గా చదవలేదు. అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకెళ్లండి.

పిల్లలకు చెప్పే పాఠంలోంచి ఒక సంగతి. యునెస్కో 2010లో మెడిటరేనియన్ ఆహారాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అప్పుడు నాలుగు దేశాలు, స్పెయిన్, గ్రీస్, ఇటలీ, మొరాకో. 2013లో సైప్రస్, క్రొయేషియా, పోర్చుగల్ కలిశాయి. అది వంటకాల జాబితా అనుకునేవాణ్ణి. చదివితే పంట పండించడం నుంచి నలుగురూ కలిసి కూర్చుని తినడం దాకా అన్నీ కలిపి గుర్తించారని తెలిసింది. మీ అప్ప కలిసి కూర్చుని తినదన్నారు కదా, అందుకే గుర్తొచ్చింది.

పొందూరు_కోడలు · శుక్రవారం, మధ్యాహ్నం 1:30

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఎంగిలి.

ఆ చిన్న గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెడతారు, అందరూ అందులోనే రొట్టె ముంచి తింటారు. మా ఆడపడుచుతో విశాఖలో వెళ్లినప్పుడు నాకు ఇదే ఎదురైంది. ఆవిడ మడి మనిషి కాదు, అయినా ఒకసారి కొరికిన రొట్టెను మళ్లీ గిన్నెలో ముంచడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పైకి ఏమీ అనలేదు. కడుపు నిండిందని అబద్ధం చెప్పి ఊరుకుంది. ఇంటికొచ్చి మజ్జిగన్నం తింటుంటే నాకు ఏడుపొచ్చింది. నాలుగు వేల బిల్లు కట్టి ఒక మనిషిని పస్తు పెట్టాను.

తమ్ముడూ, వెళ్లగానే ఇద్దరికీ విడి ప్లేట్లు, ప్రతి గిన్నెకీ ఒక చెంచా అడుగు. ముందే ఎవరి ప్లేట్లోకి వాళ్లు వడ్డించుకోండి.

ఇంకోటి, బిల్లు. లోపలికి వెళ్తూనే కౌంటర్‌లో డబ్బు కట్టేసి, బల్ల దగ్గరకు కాగితం తేవద్దని చెప్పు.

గంటస్తంభం · శుక్రవారం, మధ్యాహ్నం 2:10

అక్కా, మంచి మాట. లెబనాన్‌లో ఈ చిన్న గిన్నెల భోజనాన్ని మెజ్జె అంటారు, మధ్యలో పెట్టి పంచుకోవడమే దాని పద్ధతి. అక్కడివాళ్లు కూడా కొరికిన ముక్కను మళ్లీ ముంచరు, ప్రతిసారీ కొత్త ముక్క తుంచుతారు. మన పిల్లలు ఆ మర్యాద తెలియక కొరికి ముంచేస్తున్నారు.

పలాస_తోట · శుక్రవారం, రాత్రి 9:15

మాది ఉద్దానం. పోపుడబ్బా గారూ, మా అన్నయ్యకు కిడ్నీ సమస్య. ఈ శనగలు, టమాటాలు తనకు పర్వాలేదా? నేను ఇది చదువుతున్నది ఊరికే కాదు. తోట పంపకాలప్పుడు మాకు మాట పట్టింపు వచ్చి రెండేళ్లు పలకరించుకోలేదు. డయాలిసిస్ మొదలయ్యాక ఆస్పత్రికి నేనే తీసుకెళ్తున్నాను. దారిలో కూడా పెద్దగా మాట్లాడుకోం. ఎక్కడైనా కూర్చోబెట్టి తినిపించాలని ఉంది.

పోపుడబ్బా · శుక్రవారం, రాత్రి 9:50

అన్నా, శనగల్లోనూ టమాటాల్లోనూ పొటాషియం ఎక్కువ. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు దాన్ని కొలిచి ఇవ్వాలి. లబ్నేలో, ఊరబెట్టిన ఆలివ్ కాయల్లో ఉప్పు ఎక్కువ. నేను ఇక్కడ సరే అనలేను. ఆయన తాజా రక్తపరీక్ష చూసి డాక్టరో అక్కడి డైటీషియనో చెప్పాలి. మెనూ ఫోటో తీసి వాళ్లకు చూపించండి, ఏది ఎంత తినొచ్చో గీత గీసి ఇస్తారు. తిండి ఎలా ఉన్నా ఆయన్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి. కళింగపట్నం బీచ్‌లో కూర్చోవడానికి పొటాషియం లెక్క అక్కర్లేదు.

పలాస_తోట · శుక్రవారం, రాత్రి 10:00

బుధవారం డయాలిసిస్ ఉంది, అప్పుడే అడుగుతాను. కళింగపట్నం మాట బాగుంది.

నాగావళి_గట్టు · ఆదివారం, రాత్రి 8:30

వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, మీరంతా అంత శ్రద్ధగా చెప్పారు కాబట్టి.

మాత్ర సంగతి డాక్టర్ని అడిగే వెళ్లాం. పొందూరు అక్క చెప్పినట్టే లోపలికి వెళ్తూ కౌంటర్‌లో 1,500 ఇచ్చేశాను. గంటస్తంభం అన్న చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాను. వడ్డించే కుర్రాడు లోపలికెళ్లి కనుక్కుని వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫలాఫెల్‌కీ చికెన్‌కీ నూనె ఒకటే. సూప్‌లో చికెన్ నీళ్లు లేవు. సాస్‌లో మయోనైజ్ ఉంది. అలా ఫలాఫెల్ పోయింది, సాస్ పోయింది. హమ్మస్, బాబా గనూష్, లబ్నే, తబూలే, పప్పు సూప్ చెప్పాను. మెనూ అప్ప చేతికి ఇవ్వలేదు.

గిన్నెలు రాగానే అప్ప లేచి నిలబడింది. చెంచా తీసుకుని నా ప్లేట్లో వడ్డించడం మొదలుపెట్టింది. తనకు తెలియకుండానే లేచింది, అలవాటు. నేను చెయ్యి పట్టుకుని, "అప్పా, ఈ పూట నువ్వు కూర్చో" అన్నాను. చెంచా వదల్లేదు కాసేపు. తర్వాత కూర్చుంది. నేను వడ్డించాను. తన ప్లేట్లో నేను వడ్డించడం ఇదే మొదటిసారి, నాకు ముప్పై నాలుగేళ్లు.

హమ్మస్ నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వులు దోరగా కూడా వేగలేదురా, అందుకే తెల్లగా ఉంది. మనం వేయించినట్టు వేయిస్తే రంగు మారిపోను" అంది. వంట ఆలోచన ఉండదనుకున్న నా లెక్క తప్పింది. కానీ ఇది వేరే. తప్పు దొర్లుతుందేమోనన్న టెన్షన్ లేదు, తెలుసుకోవాలన్న ఉత్సాహం ఉంది. వంకాయది బాగా నచ్చింది, రెండోసారి అడిగి వేయించుకుంది. అడిగి వేయించుకుంది! లబ్నే చూసి, బడిలో ఎప్పుడైనా పెరుగు మిగిలితే ఇలా కట్టి ఉంచొచ్చు కదా అని లెక్కలేసింది.

ఇక తబూలే. రెండు చెంచాలు తిని ప్లేటు పక్కకు జరిపి, "ఇది నాకు నచ్చలేదురా" అంది.

మీకు ఇది మామూలు మాటే. మా అప్ప నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. మాడిన అన్నం, మిగిలిన కూర, చల్లారిన చారు, ఏది మిగిలితే అది తిన్న మనిషి. ఏది పెట్టినా బాగుందనే చెప్పేది. నేను బలవంతం చెయ్యలేదు, కారణం అడగలేదు. సరే అప్పా అని ఆ గిన్నె నా వైపు తీసుకున్నాను.

ఎంగిలి సంగతి చెప్పాలి. విడి ప్లేట్లు, చెంచాలు అన్నీ తెప్పించాను. సగం భోజనం అయ్యేసరికి అప్పే ప్లేట్లు రెండూ తోసేసి గిన్నె మధ్యకు లాగింది. "చిన్నప్పుడు ఒకే కంచంలో తినలేదేట్రా" అని రొట్టె తుంచి ముంచింది. అమ్మ పొలానికెళ్తే నన్ను కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టేది తనే. నాకు గుర్తులేదు, తనకుంది.

చివర్లో బిల్లు ఎంతని నాలుగుసార్లు అడిగింది. నిజం చెప్పాను, 1,060. కొంగుముడి విప్పబోయి ఆగిపోయింది. తనకు నెలకు వచ్చే గౌరవ వేతనం 3,000. ఆ లెక్క తను వేసుకోవడం నాకు కనిపించింది, నాకూ కష్టంగా అనిపించింది. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

పొందూరు_కోడలు · ఆదివారం, రాత్రి 9:00

నిజం చెప్పడమే మంచిది. ఆవిడ డబ్బు లెక్క తెలిసిన మనిషి, నువ్వు మూడొందలంటే నమ్మేది కాదు. ఆ తర్వాత నీ మిగతా మాటల మీద కూడా అనుమానం వచ్చేది. చదువుతుంటే మా ఆడపడుచు కళ్లముందు మెదిలింది. ఈసారి తనని అడిగి, తనకు నచ్చినచోటికే వెళ్తాం.

బడిగంట · ఆదివారం, రాత్రి 9:20

మా బడిలో కూడా ఇద్దరు వండుతారు. పన్నెండేళ్లుగా వాళ్ల చేతి అన్నం తింటున్నాను. వాళ్లు ఎప్పుడు తింటారో, ఏం మిగిలితే తింటారో ఒక్కరోజూ చూడలేదు. రేపు చూస్తాను.

గంటస్తంభం · ఆదివారం, రాత్రి 9:45

నువ్వుల మాట కరెక్ట్. తహీనాకు పొట్టు తీసిన తెల్ల నువ్వులు రంగు మారకుండా వేడి చేస్తాం, అంతే. ఒక్క ముద్దతో పట్టేసిందంటే మీ అప్ప చేతిలో చాలా విద్య ఉంది. ఫలాఫెల్ తినలేకపోయింది కాబట్టి ఇంట్లో చేసుకోండి. శుభ్రమైన నూనె మీ చేతిలోనే ఉంటుంది.

కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టాలి. ఉడికించకూడదు, అక్కడే చాలామంది తప్పుతారు. ఉడికిన శనగలతో చేస్తే నూనెలో విడిపోతుంది. నీళ్లు పూర్తిగా వార్చి, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర, ధనియాల పొడి, ఉప్పు వేసి పలుకుగా రుబ్బాలి, మసాలా వడ పిండిలాగే. ఈజిప్టులో శనగల బదులు బాకలా గింజలు (ఒక రకం చిక్కుడు గింజలు) వాడతారు, లెబనాన్ వైపు శనగలే. పిండి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, వేయించే ముందు చిటికెడు వంటసోడా కలపండి.

నాగావళి_గట్టు · తరువాతి శనివారం, రాత్రి 9:10

అన్నా, అప్పకు నీ పద్ధతి చదివి వినిపించాను. శనగలు నానేసింది. మా ఆవిడనీ పిల్లనీ తీసుకుని రేపు రమ్మంది, వేయించేది శుభ్రమైన నూనె కాబట్టి ఆదివారమైనా పర్వాలేదంది. తన అనుమానం ఒకటే. బియ్యప్పిండి కలపకుండా ఉండ నిలుస్తుందా అని.

గంటస్తంభం · శనివారం, రాత్రి 9:25

నిలుస్తుంది. పిండి పిడికిట్లో గట్టిగా అదిమి చూడమను. విడిపోతుంటే ఇంకో తిప్పు రుబ్బాలి, పిండి కలపక్కర్లేదు. నూనె బాగా కాగాక ముందు ఒక్కటే వేసి చూడమను. తమ్ముడూ, ఆమె రుబ్బితే నువ్వు వేయించు. మొదటి వాయి ఆమె ప్లేట్లోకే వెయ్యి.

పలాస_తోట · శనివారం, రాత్రి 10:40

పోపుడబ్బా గారూ, బుధవారం అడిగాను. శనగలు వద్దన్నారు. వంకాయది కొద్దిగా తినొచ్చన్నారు, ఉప్పు తగ్గించి ఇంట్లోనే చెయ్యమన్నారు. ఇవాళ సాయంత్రం వదిన కాల్చి చేసింది. అన్నయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. రేపు కళింగపట్నం వెళ్తున్నాం.